షీల్డులొస్తాయి, కస్టమర్లు రారు

పోయిన ఆదివారం పొద్దున్నే నెదర్లాండ్స్ నుంచి ఒక కుర్రాడు ఫోను చేశాడు. మా పిన్ని వాళ్ళ ఊరివాడే. అక్కడ ఒక చిప్ డిజైన్ కంపెనీలో ఉద్యోగం.

"అన్నా, గుడ్ న్యూస్! మా స్టార్టప్పు పోటీలో ఫైనల్సుకి సెలెక్టయింది. గెలిస్తే మూడు నెలలు మెంటరింగ్ ప్రోగ్రాము. రేపు ఆఫీసులో పేపర్లు పెట్టేస్తున్నా."

శుభాకాంక్షలు చెప్పాల్సింది పోయి, "మీకు డబ్బులిచ్చే కస్టమర్లు ఎంతమంది?" అనడిగాను. అటువైపు కాసేపు చప్పుడు లేదు.

"ఇంకా ఎవరూ లేరన్నా. కానీ జ్యూరీకి మా ఐడియా భలే నచ్చింది."

"అయితే పేపర్లు పెట్టకు."

వాడికి కోపమొచ్చింది. "నువ్వొకసారి దెబ్బ తిన్నావని అందర్నీ భయపెడతావేంటన్నా" అని ఫోను పెట్టేశాడు.

దెబ్బ తిన్న మాట నిజమే. దాని సంగతి కాసేపట్లో చెప్తా. వాడికి ఫోనులో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. యూరప్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ, రాత్రుళ్ళు కోడు రాసుకుంటూ, ఏదో ఒక రోజు "మన కంపెనీ" అని కలలుగనే తెలుగువాళ్ళు ఈమధ్య చాలామందే కనిపిస్తున్నారు. వాళ్ళందరికీ కూడా.

ముందు నాటకాల గురించి. సంబంధం ఉంది, కంగారు పడకండి.

మా మేనమామ పరిషత్తు నాటకాలు వేసేవాడు. తెనాలి చుట్టుపక్కల వాళ్ళకి పరిషత్తు అంటే ఏవిటో చెప్పక్కర్లేదు. ఊరూరా నాటక పోటీలు, ముందు వరసలో న్యాయనిర్ణేతలు, చివర్లో ఉత్తమ ప్రదర్శన, ఉత్తమ రచన, ఉత్తమ ఆహార్యం అంటూ షీల్డులు. మా మావయ్య ఇంట్లో బీరువా మీద జాగా చాలక షీల్డుల్ని మంచం కింద కూడా పెట్టేవారు. ఒకసారి నేనడిగాను, "మావయ్యా, ఈ నాటకానికి టిక్కెట్టు పెడితే ఎంతమందొస్తారు?" అని. ఆయన నవ్వి, "ఇది జడ్జీల కోసం రాసిన నాటకంరా, జనం కోసం కాదు" అన్నాడు.

సురభి వాళ్ళ సంగతి వేరు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన ఆ కుటుంబాలు తరాల తరబడి టిక్కెట్టు డబ్బులతో బతికాయి. సాయంత్రం టిక్కెట్లు తెగకపోతే రాత్రికి వంట కష్టం. అందుకే జనం ఎక్కడ ఆవులిస్తున్నారో వాళ్ళకి తెలిసినట్టు ఏ జడ్జీకీ తెలీదు.

యూరప్ స్టార్టప్ పోటీల గురించి నా వాదన మొత్తం ఇంతే. అవి పరిషత్తు నాటకాలైపోయాయి. జడ్జీల కోసం రాసిన కంపెనీలు తయారవుతున్నాయి.

ఇవి చెడ్డ ఉద్దేశంతో మొదలయ్యాయని నేననను. అమెరికాలో 2005లో వై కాంబినేటర్ మొదలైంది, 2006లో టెక్‌స్టార్స్. అప్పటికి యూరప్‌లో ఇద్దరు కుర్రాళ్ళు ఒక కంపెనీ పెడతామంటే మొదటి యాభై వేల యూరోలు ఇచ్చేవాడు దొరకడమే గగనం. బ్యాంకువాడు ఇల్లు తాకట్టు పెట్టమంటాడు. పెద్ద ఇన్వెస్టరు ఇంకా చిన్నపిల్లలు, రెండేళ్ళాగి రండి అంటాడు. 2003లో పుట్టిన స్కైపుని 2005లో ఈబే 2.6 బిలియన్ డాలర్లకు కొన్నాక కానీ "మనవాళ్ళూ చెయ్యగలరు" అన్న ధైర్యం రాలేదు. ఆ ఊపులోనే 2007లో లండన్‌లో సీడ్‌క్యాంప్ మొదలైంది. ఎక్కడెక్కడి దేశాల టీముల్నో ఒక వారం ఒకచోట కూర్చోబెట్టి, మెంటర్లను కలిపి, గెలిచినవాళ్ళకి చిన్న పెట్టుబడి ఇచ్చేది. మొదటి ఏడాది ఎంపికైన స్లొవేనియా కంపెనీ జెమాంటాని పదేళ్ళ తరవాత, 2017లో, అవుట్‌బ్రెయిన్ కొనుక్కుంది. లుబ్లియానాలో కూర్చున్నవాడికి లండన్ ఇన్వెస్టరు ముఖం కనపడటమే ఆ రోజుల్లో పెద్ద విషయం. కాబట్టి అప్పట్లో ఆ పోటీ ఒక అవసరాన్ని తీర్చింది. కాదనను.

తరవాత ఏమైంది? ప్రతి ఊరికీ ఒక పోటీ. ప్రతి బ్యాంకుకీ ఒకటి, ప్రతి టెలికాం కంపెనీకి ఒకటి, కార్ల కంపెనీకి ఒకటి, బీమా కంపెనీకి ఒకటి. హెల్సింకిలో 2008లో చిన్న సమావేశంగా మొదలైన స్లష్ వేలమంది జాతర అయింది. పారిస్‌లో 2017లో పాత రైల్వే గూడ్సు షెడ్డుని స్టేషన్ ఎఫ్‌గా మార్చి వెయ్యి స్టార్టప్పులకి చోటుందన్నారు. యూరోపియన్ యూనియన్ తన వంతుగా 2014లో ఎస్సెమ్మీ ఇన్‌స్ట్రుమెంట్ అని పెట్టి, మొదటి దశలో 50 వేల యూరోలు, రెండో దశలో రెండున్నర మిలియన్ల దాకా పంచింది. దరఖాస్తు చేసిన పదిమందిలో ఒకరికి కూడా వచ్చేది కాదు. దాంతో ఏం పుట్టింది? దరఖాస్తులు రాసిపెట్టే కన్సల్టెంట్ల పరిశ్రమ! డబ్బొస్తే అందులో ఇంత శాతం మాకు అని వాళ్ళ లెక్క. కస్టమరు ముఖం చూడకుండానే మూడు దేశాల పోటీల డబ్బుతో నాలుగేళ్ళు బతికేసిన కంపెనీని నేను కళ్ళారా చూశాను. దాన్ని కంపెనీ అనాలో స్కాలర్‌షిప్ అనాలో నాకు తెలీలేదు.

ఇక మూడు నిమిషాల పిచ్. మూడు నిమిషాల్లో జడ్జీ ఏం చూడగలడు? స్లైడు చూడగలడు, ఇంగ్లీషు చూడగలడు, ఆత్మవిశ్వాసం చూడగలడు. రేపు ఆ ప్రోడక్టుకి ఎవడైనా డబ్బు కడతాడా అన్నది మాత్రం చూడలేడు. ఇది జడ్జీల తెలివితక్కువతనం కాదు. మూడు నిమిషాల్లో కనిపించే విషయం కాదు, అంతే. 2022 నవంబరులో స్లష్ పోటీ విజేతకి పది లక్షల యూరోల పెట్టుబడి అన్నారు. ఇవ్వబోయేది ఐదు పెద్ద వెంచర్ క్యాపిటల్ సంస్థలు. ఇమ్మిగ్రామ్ అనే కంపెనీ గెలిచింది. దానికి రష్యాలో కార్యకలాపాలున్నాయని గొడవ లేచింది. కొద్ది రోజుల్లోనే బహుమతి వెనక్కి తీసేసుకున్నారు. తప్పు ఎవరిదన్నది వేరే చర్చ, అందులోకి నేను పోను. నా ప్రశ్న ఒక్కటే. పది లక్షల యూరోలు పందెం కాసే ఐదు సంస్థలకి స్టేజీ మీద కనపడని సంగతి, శనివారం మధ్యాహ్నం బ్యాంకు ఆడిటోరియంలో కూర్చున్న ముగ్గురు జడ్జీలకి కనపడుతుందా?

సరే, ఇప్పుడు నా దెబ్బ సంగతి.

2018లో నేను జర్మనీలో ఒక ఊళ్ళో ఉన్నాను. నేనూ, బాపట్ల నుంచి వచ్చిన ఒక మిత్రుడూ కలిసి సాయంత్రాలు ఒక సాఫ్ట్‌వేర్ రాశాం. ఇళ్ళల్లో హీటింగ్ బాయిలర్లు రిపేరు చేసే చిన్న కంపెనీల కోసం. జర్మనీలో అలాంటివి వేలకొద్దీ ఉంటాయి. ఎవరు ఏ ఇంటికి ఎప్పుడు వెళ్ళాలి, ఏ పార్టు కావాలి అన్నదంతా అప్పటికీ కాగితాల మీదే. మా అపార్టుమెంటు బాయిలరు బాగుచెయ్యడానికొచ్చిన పెద్దాయన జేబులోంచి నలిగిన కాగితాల కట్ట తీశాడు. మాకు ఐడియా వచ్చింది అక్కడే. ఆయన కంపెనీలో ఏడుగురు పనివాళ్ళు. మా సాఫ్ట్‌వేర్‌ని రెండు నెలలు వాడాడు. వాడి ఒకటే అడిగాడు. "బిల్లులు డాటెవ్‌కి ఎక్స్‌పోర్ట్ అయ్యేలా చెయ్యండి. నెలకి ఎంతో చెప్పండి, కడతాను."

జర్మనీలో పనిచేసినవాళ్ళకి డాటెవ్ అంటే తెలుస్తుంది. అక్కడి ఆడిటర్లలో ఎక్కువమంది వాడే సాఫ్ట్‌వేర్. బిల్లులు అందులోకి వెళ్ళకపోతే ఆయన ఆడిటరు మళ్ళీ చేత్తో ఎక్కించాలి. మాకు మూడు వారాల పని. విసుగు పుట్టించే పని, ఫీల్డు పేర్లు చూసుకుంటూ కూర్చోవాలి. కానీ దాని అవతల డబ్బుంది.

సరిగ్గా ఆ వారమే ఒక పోటీలో ఫైనల్సుకి వచ్చాం. ఇంకేముంది, డాటెవ్ పక్కన పెట్టి స్లైడ్ల మీద పడ్డాం. గెలిచాం కూడా! గాజు షీల్డు, పెద్ద అట్టముక్క మీద రాసిన చెక్కు, ఫోటోలు. ఇంట్లోవాళ్ళు ఆ ఫోటోలు వాట్సాప్‌లో ఊరంతా పంచారు. దాంతోపాటు పన్నెండు వారాల మెంటరింగ్ ప్రోగ్రాములో సీటు.

ఆ పన్నెండు వారాల్లో పదిహేడుమంది మెంటర్లను కలిశాం. ఒక్కొక్కళ్ళతో ఇరవై నిమిషాలు. ఒకాయన ఇది ప్లాట్‌ఫారమ్ చెయ్యండి అన్నాడు. ఇంకొకావిడ పార్టుల అమ్మకాల మార్కెట్ పెట్టండి అంది. ఒకాయన బాయిలర్లలో సెన్సార్లు పెట్టమన్నాడు. ఇంకొకాయన జర్మనీ చిన్నది, మొదటి రోజు నుంచే యూరప్ మొత్తం అనుకోండి అన్నాడు. అందరూ మంచివాళ్ళే, తెలివైనవాళ్ళే. కానీ వాళ్ళలో ఒక్కరు కూడా జీవితంలో ఒక బాయిలరు మెకానిక్కుకి ఏదీ అమ్మలేదు. మేమేమో ప్రతివారం ఎవరో ఒకరి మాట పట్టుకుని స్లైడ్లు మార్చాం. సోమవారం ప్లాట్‌ఫారమ్, గురువారం సెన్సార్లు. మనకి చిన్నప్పట్నించీ ఉన్న జబ్బొకటుంది. పెద్దవాళ్ళు చెప్పింది కాదనలేం. సారు చెప్పాడంటే సిలబస్సే. ఆ జబ్బున్నవాడికి పదిహేడుమంది సార్లను ఒకేసారి అప్పగిస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

డాటెవ్ ఎక్స్‌పోర్టు మాత్రం అవలేదు. ఐదో నెలలో ఆ పెద్దాయనకి ఫోను చేస్తే, వేరే కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసుకున్నానని చెప్పాడు. కోపం కూడా లేదు ఆయన గొంతులో. "మీరు బిజీగా ఉన్నారుగా, పేపర్లో చూశాను" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది.

నేను ఉద్యోగం వదల్లేదు కాబట్టి నాకు పోయింది సాయంత్రాలే. మా మిత్రుడు వదిలేశాడు. ఇక్కడ చదివేవాళ్ళలో చాలామందికి అసలు ప్రమాదం ఉన్నది ఇక్కడే, కాబట్టి జాగ్రత్తగా చదవండి. మన బ్లూ కార్డు ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది. అప్పటి నిబంధన ప్రకారం ఉద్యోగం పోతే మూడు నెలల్లో ఇంకోటి చూసుకోవాలి. పోటీ గెలిచాం, ప్రోగ్రాములో ఉన్నాం కదా అని స్వయం ఉపాధి పర్మిట్టుకి అప్లై చేశాడు. తోడుగా నేనూ వెళ్ళాను. షీల్డు ఫోటో, సర్టిఫికెట్, పేపర్ కటింగులు ఫైల్లో పైన పెట్టాడు. కౌంటరు అవతలున్న ఆవిడ అవన్నీ మర్యాదగా పక్కకి జరిపి అడిగింది: "మీ కస్టమర్లు ఎవరు? ఆర్డర్లు ఏవి? డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది?"

పన్నెండు వారాల్లో పదిహేడుమంది మెంటర్లు అడగని ప్రశ్న, ప్రభుత్వ గుమాస్తా రెండు నిమిషాల్లో అడిగింది!

2019లో వాడు ఇండియా వెళ్ళిపోయాడు. వాళ్ళావిడ ఇక్కడ జర్మన్ నేర్చుకుని బీ1 పరీక్ష అప్పుడే పాసయింది. వాడు ఇంకో ఎనిమిది నెలలు ఆ ఉద్యోగంలో ఉండి, తనూ బీ1 పాసై ఉంటే, బ్లూ కార్డు మీద 21 నెలలు నిండి శాశ్వత నివాసం వచ్చేది. ఆ తరవాత ఏ పర్మిట్టూ లేకుండా కంపెనీ పెట్టుకునేవాడు. షీల్డు నా దగ్గరే ఉంది. పడెయ్యలేను, పెట్టుకోలేను.

ఇప్పుడు మీరనొచ్చు, "మరి వైజ్ సంగతేంటి? యూఐపాత్ సంగతేంటి? ఇద్దరికీ సీడ్‌క్యాంప్ పెట్టుబడి పెట్టింది కదా" అని. పెట్టింది. అవి నా వాదనకే సాక్ష్యాలు, చూడండి.

వైజ్, అంటే మొదట్లో ట్రాన్స్‌ఫర్‌వైజ్, 2011లో మొదలైంది. దాని వెనక ఇద్దరు ఎస్టోనియా వాళ్ళు. స్కైప్ మొదటి ఉద్యోగి తావెట్ హిన్రికుస్ లండన్‌లో ఉంటాడు, జీతం యూరోల్లో వస్తుంది. క్రిస్టో కార్మన్‌కి లండన్‌లో పౌండ్లలో జీతం, ఎస్టోనియాలో ఇంటి లోను. బ్యాంకు ఛార్జీలు మండిపోతుంటే, నా పౌండ్లు నీకు, నీ యూరోలు నాకు అని ఇద్దరూ మార్చుకున్నారు. ఏ జ్యూరీ ముందూ నిలబడకముందే కస్టమర్లున్నారు, వాళ్ళకి వాళ్ళే! నెలనెలా ఇంటికి డబ్బు పంపే మనకంటే ఈ కథ ఎవరికి బాగా అర్థమవుతుంది? 2021 జులైలో ఆ కంపెనీ లండన్ స్టాక్ ఎక్స్చేంజీలో లిస్టయింది.

యూఐపాత్‌ది ఇంకా ముచ్చటైన కథ. బుకారెస్ట్‌లో 2005లో డెస్క్‌ఓవర్ అనే పేరుతో పెట్టారు. ఏళ్ళ తరబడి ఎవరికీ పెద్దగా తెలీదు. 2012 ప్రాంతంలో ఒక భారతీయ అవుట్‌సోర్సింగ్ కంపెనీ వీళ్ళ స్క్రీన్ ఆటోమేషన్ టూలు తీసుకుని, గుమాస్తా పనులు కంప్యూటరు చేత చేయించడానికి వాడటం మొదలెట్టింది. అప్పుడుగానీ తమ ప్రోడక్టు దేనికి పనికొస్తుందో వాళ్ళకి తెలిసిరాలేదు. సీడ్‌క్యాంపూ మిగతా ఇన్వెస్టర్లూ వచ్చింది 2015లో. అంటే పదేళ్ళయ్యాక. దారి చూపించింది మెంటరు కాదు, మన దేశపు కస్టమరు.

పోటీతోనే పుట్టిన కంపెనీ లేదా? ఉంది, రోవియో. 2003లో ఫిన్లాండ్‌లో ముగ్గురు విద్యార్థులు మొబైల్ గేముల పోటీ గెలిచి ఆ కంపెనీ పెట్టారు. రెండు సంగతులు గమనించండి. ఆ పోటీకి వాళ్ళు తీసుకెళ్ళింది స్లైడ్లు కాదు, ఆడగలిగిన గేము. రెండోది, షీల్డుకీ అదృష్టానికీ మధ్య ఆరేళ్ళు పట్టింది. యాభై ఒక్క గేములు చేశారు, చాలావరకు ఇతర కంపెనీల కోసం. 2009లో దివాళా అంచుకొచ్చాక వచ్చింది యాభై రెండో గేము, యాంగ్రీ బర్డ్స్. పోటీ గెలిచిన ఫోటో అందరూ వేస్తారు. మధ్యలో యాభై ఒక్క గేముల ఫోటో ఎవరూ వెయ్యరు.

ఒక మాట మాత్రం ఒప్పుకుంటాను. పరాయి దేశంలో మనకి కాలేజీ స్నేహితులుండరు, భాష అంతంతమాత్రం, పలుకుబడి సున్నా. అక్కడి ఇన్వెస్టరు గదిలోకి అడుగుపెట్టడానికి మనకున్న కొద్ది తలుపుల్లో ఈ పోటీ ఒకటి. మ్యూనిక్‌లో పుట్టి పెరిగినవాడు "ఎందుకీ పోటీలు" అంటే చెల్లుతుంది, మనకి చెల్లదు. అందుకే వెళ్ళొద్దని అనను. చేతిలో ఒక్క ఇన్వాయిస్ పెట్టుకుని వెళ్ళండి అంటాను. ఎవరో ఒకరు డబ్బు కట్టిన ఇన్వాయిస్, యాభై యూరోలదైనా సరే. అది ఉన్నవాడు మెంటరు మాట వింటాడు, కానీ కొట్టుకుపోడు.

ఇంకో మూడు మాటలు. పోటీ గెలవడం రాజీనామాకి కారణం కాదు. ముందు పర్మిట్ చూసుకోండి, ఇంటి లోను చూసుకోండి, ఇంట్లోవాళ్ళని అడగండి. పదిహేడుమంది మెంటర్లొద్దు, మీ కస్టమరుకి ఇదివరకు ఏదైనా అమ్మినవాణ్ణి ఒక్కణ్ణి వెతుక్కోండి. వాటా ఇచ్చేముందు కాగితం చదవండి. టెక్‌స్టార్స్ చాలా ఏళ్ళపాటు 20 వేల డాలర్లకి 6 శాతం తీసుకునేది, కావాలంటే ఇంకో లక్ష అప్పుగా ఇచ్చేది. అంత పేరున్నవాళ్ళు అడిగితే లెక్క వేసుకోవచ్చు. పేరూ ఊరూ లేని ప్రోగ్రాము నాలుగు వర్క్‌షాపులూ ఒక కుర్చీ ఇచ్చి 8 శాతం అడిగితే మాత్రం దణ్ణం పెట్టి వచ్చెయ్యండి.

నిర్వాహకులకి కూడా ఒక మాట. బ్యాంకులూ, బీమా కంపెనీలూ, కార్ల కంపెనీలూ, మీకు నిజంగా స్టార్టప్పుల మీద ప్రేముంటే అట్టముక్క చెక్కు మానేసి పర్చేజ్ ఆర్డరు ఇవ్వండి. గెలిచినవాడి సాఫ్ట్‌వేర్ మీ ఒక్క బ్రాంచిలో ఆరు నెలలు డబ్బిచ్చి వాడండి. మీకయ్యే ఖర్చు స్టేజీ లైట్ల ఖర్చు కంటే తక్కువే ఉండొచ్చు. ఇవ్వరని నాకు తెలుసు. ఇస్తే మీ కొనుగోళ్ళ విభాగం ఆ ప్రోడక్టుని నిజంగా చూడాల్సొస్తుంది.

ఒరే తమ్ముడూ, కోపం తగ్గాక చదువుతావని రాశాను. ఫైనల్సుకి వెళ్ళు. బాగా మాట్లాడు. గెలిస్తే నాకే ముందు ఫోను చెయ్యి, నిజంగానే సంతోషిస్తా. కానీ రేపు పొద్దున్న పేపర్లు పెట్టకుండా, మీ సాఫ్ట్‌వేర్ ఎవరికి పనికొస్తుందనుకుంటున్నావో వాళ్ళలో ఒకడి దగ్గరికెళ్ళి, "దీనికి ఎంతిస్తావు?" అని అడుగు. అడగడానికి మొహమాటంగా ఉంటుంది, నాకు తెలుసు. స్టేజీ మీద మూడొందలమంది ముందు మాట్లాడటం కంటే అదే కష్టం. అందుకే మనం స్టేజీ ఎక్కుతాం.

ఆ రోజు ఆ బాయిలరు పెద్దాయన అడిగిన మూడు వారాల పని మేం చేసుంటే ఏమయ్యేదో నాకు తెలీదు. బహుశా చిన్న కంపెనీ అయ్యేదేమో, ఎవరూ ఫోటోలు వెయ్యని కంపెనీ. కానీ మా మిత్రుడు ఆవిడ అడిగిన మూడు ప్రశ్నలకి జవాబు చెప్పి, కౌంటరు దగ్గర్నుంచి నవ్వుతూ వెనక్కి వచ్చేవాడు.